తోలు కప్పు

పాత ఇంజనుకి పికప్ ఎట్టా పెంచుతావని నన్ను అడగనివాడు లేడు. ఏదో మందు చెబుతాననుకుంటారు. మందేమీ లేదు. ముసలి ఇంజనులో కొత్తప్పటి బలం ఎక్కడెక్కడ కారిపోతోందో ముందు వెతికి పట్టుకోవాలి. కారే చోట్లన్నీ కట్టాక, అప్పుడు కొత్త బలం మాట. ఈ సంగతి నేను 1987లో ఒక కామందు అరుగు ముందు నిలబడి చెప్పాను. ఆ కారు గురించీ, దాంట్లో పడ్డ మా అయ్య చేతి తోలుముక్క గురించీ రాయమని మిత్రులు చాన్నాళ్ళుగా పోరుతున్నారు. నాది స్పానరు పట్టిన చెయ్యి. రాత రాదు. చెప్పినట్టే రాస్తున్నా.

మాది గుంటూరు జిల్లాలో ఒక మెట్ట వూరు. వూరికి తూర్పున మాదిగ పల్లె. మా అయ్యది తోలు పని. ఆరె, రంపె, గూటం, తంగేడు చెక్క నానేసిన లంద. ఇదీ మా ఆస్తి. లంద వాసన మా వొంటికీ, మా అన్నానికీ, నా పలకకీ కూడా వుండేది. బడిలో నా పక్కన ఎవడూ కూచోకపోవడానికి పంతులు చెప్పిన కారణం కూడా ఆ వాసనే. వూరి బావులన్నిటికీ మోట తొండాలు మా అయ్యే కుట్టేవాడు. కుట్టు దగ్గర వొక్క చుక్క కారకూడదు. కారితే తిట్టేవాళ్ళు. కారకపోతే ఏమీ అనేవాళ్ళు కాదు. అదే మెచ్చుకోలు.

నా చిన్నతనంలోనే బావుల మీదికి కరెంటు మోటార్లొచ్చాయి. మోటారొచ్చి మోటని మింగింది. ఆ వెనకే రబ్బరు చెప్పులొచ్చి తోలు చెప్పుల్ని మింగాయి. "మింగేదాని దగ్గిరికే పోరా, కనీసం ఆకలన్నా వుండదు" అని 1971లో, నా పదమూడో యేట, మా అయ్య నన్ను బెజవాడ ఆటోనగర్లో ఒక సాయిబు మేస్త్రి దగ్గర వొదిలి పెట్టాడు.

మేస్త్రి నా కులం అడగలా. చేతులు చూపించమన్నాడు. గూటం పట్టి కాసిన కాయలు చూసి "పనికొస్తాయ్" అన్నాడు. తన గ్లాసులో సగం టీ తాగి మిగతా సగం నా చేతికిచ్చాడు. మా వూళ్ళో టీ కొట్టు చూరులో మాకు వేరే గ్లాసు గుచ్చి వుండేది. తాగి, కడిగి, మళ్ళీ చూరులో పెట్టి, డబ్బులు బల్ల మీద వెయ్యాలి. అందుకని నాకు ఆటోనగర్ అంటే ఇంజన్ల కంటే ముందు ఆ సగం టీ గుర్తొస్తుంది.

మేస్త్రి మొదట నేర్పింది లెక్క. "పదిహేను, ముప్ఫయ్యారు, ఇరవైనాలుగు. ఇది మర్చిపోతే అన్నం మర్చిపోయినట్టే" అన్నాడు. ఆరు సిలిండర్లు మండే వరస అది. ఒకటి, అయిదు, మూడు, ఆరు, రెండు, నాలుగు. ప్లగ్గు వైర్లు ఈ వరసలో పెడితే ఇంజను పాట పాడినట్టు తిరుగుద్ది. ఒక్కటి తప్పినా దగ్గుద్ది. మా తాతలకి ఏ మంత్రమూ చెవిని పడనివ్వలేదు. నాకు పడిన మంత్రం ఇదీ.

కంప్రెషన్ గేజి కొనే స్తోమత మేస్త్రికి అప్పట్లో లేదు. ప్లగ్గు తీసి ఆ బొక్క మీద బొటనవేలు పెట్టించేవాడు. హ్యాండిలు తిప్పితే గాలి వేలిని ఎగదన్నుద్ది. ఆరు బొక్కల్లో ఏది గట్టిగా తన్నింది, ఏది మెత్తగా తన్నింది చెప్పాలి. తప్పు చెబితే మొట్టికాయ. ఆరు నెలలకి నా వేలు గేజి అయిపోయింది. తర్వాత నిజం గేజి కొన్నాక రెండూ పోల్చి చూసి మేస్త్రి నవ్వుకునేవాడు. ఇంగ్లీషు అక్షరాలు కూడా నాకు అక్కడే వొచ్చాయి, పిస్టన్ల డబ్బాల మీదా, రింగుల పొట్లాల మీదా. బడి చెప్పనిది డబ్బాలు చెప్పాయి.

1983లో సొంతంగా ఒక చిన్న రేకుల షెడ్డు అద్దెకి తీసుకున్నా. రెండేళ్ళకి, 1985 జులై 17న, కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. చీరాల శిబిరానికి మా పల్లె నించి బియ్యం మూటలు వెళ్ళాయి. వాటితో వెళ్ళి వొచ్చిన కుర్రాళ్ళు మర్నాడు పల్లెలో కూచుని ఒక మాట తీసుకున్నారు: ఇక చచ్చిన గొడ్డుని వెట్టికి లాగేది లేదు, పిలిస్తే వెళ్ళి వూరకే డప్పు కొట్టేది లేదు. మా అయ్య దానికి ఇంకో మాట కలిపాడు. "వెట్టి మానదాం. తోలు పని మానొద్దు. అది మన చేతిలో వున్న పని, వాళ్ళిచ్చింది కాదు." అప్పట్నించి ఆయన సంతలో తోలు కొనుక్కొచ్చేవాడు. వూరు వూరుకోలేదు. నాలుగు నెలలు పనికి పిలవలేదు. పుల్లరి గట్ల మీదికి మా గొడ్లని రానివ్వలేదు. చిల్లరకొట్టులో అప్పు ఆపేశారు. తర్వాత నాట్లకి కూలీలు కావాల్సొచ్చి మెత్తబడ్డారు గానీ మనసులో పెట్టుకున్నారు.

అట్టాంటి రోజుల్లో, 1987 ఫిబ్రవరిలో, పెద్ద కామందు నించి నాకు కబురొచ్చింది. ఇంట్లో పాత కారుంది, బాగుచేయాలి, రమ్మని.

ఆ కారు 1939 మోడలు షెవర్లే. వూళ్ళో దాన్ని సవర్లేటు అనేవాళ్ళు. చిన్నప్పుడు అది మా పల్లె పక్కనించి పోతుంటే దుమ్ములో పరిగెత్తేవాళ్ళం. కామందు తండ్రి కొన్నాడట. 1955లో కామందు తన కొడుక్కి తిరుమల కొండ మీద పుట్టువెంట్రుకలు తీయించడానికి ఆ కార్లోనే ఎక్కాడట. ఇప్పుడు ఆ కొడుకు అమెరికాలో వున్నాడు. మనవడికి మూడేళ్ళు. మే నెలలో వొస్తున్నారు. మనవడు కూడా అదే కార్లో కొండెక్కాలని మొక్కు. కారేమో వూరి చివర చెరువు కట్ట కూడా ఎక్కలేకపోతోంది. గుంటూరులో ఇద్దరు మెకానిక్కులు చూసి, ఈ ఇంజను తీసి పారేసి నాలుగు సిలిండర్ల డీజిలు ఇంజను పెట్టించుకోమన్నారు. ఆ రోజుల్లో పాత అమెరికా కార్లన్నిటికీ అదే గతి పట్టేది. కామందు వొప్పుకోలా. ఎవరో ఆయనతో "ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను తెలిసినవాడు మీ వూరి మాదిగోడే వున్నాడు గదా" అన్నారు.

వెళ్ళాలా వొద్దా అని మా ఇంట్లో రాత్రంతా నడిచింది. మా అమ్మ వొద్దంది. మా అయ్య, "వెట్టికి పొమ్మన్లేదు గదా. బిల్లు రాసి ఇస్తానని ముందే చెప్పు. వొప్పుకుంటే పో" అన్నాడు. వొప్పుకున్నాడు.

మొదట ఇంజను సంగతి చెబుతా, తెలిసినవాళ్ళు కొంచెం వోర్చుకోవాలి. ఆ ఇంజను 216 ఘనపు అంగుళాలది, అంటే మూడున్నర లీటర్లు. కొత్తలో 85 గుర్రాల బలం. వాల్వులు పైన హెడ్డులో వుంటాయి, అది దాని గొప్ప. దాని లోపం కింద వుంది. మెయిన్ బేరింగులకి నూనె పంపు నించి వొత్తిడితో పోతుంది గానీ, కనెక్టింగు రాడ్లకి పోదు. రాడ్డు టోపీకి కింద చిన్న గరిటెలాంటిది వుంటుంది. తిరిగేటప్పుడు అది తొట్లో నూనెని తోడుకోవాలి. ఆ రాడ్లకి విడి బేరింగు చిప్పలు కూడా వుండవు, వైట్ మెటల్ కరిగించి పోసిందే బేరింగు. ఇట్టాంటి ఇంజన్ని ఎక్కువ చక్రాలు తిప్పి బలం లాగుదామంటే రాడ్లు తన్నుకుని చస్తాయి. నిదానంగా తిరుగుతూ బరువు లాగేట్టు చేయాలి. గుర్రాన్ని కాదు, ఎద్దుని తయారుచేయాలి.

ఇక ఆ ఇంట్లో పద్ధతి. కారు బానెట్టు ఎత్తొచ్చు, ఇంజన్ని ముక్కలు ముక్కలు చేయొచ్చు, సీటు మీద మాత్రం కూచోకూడదు. యాక్సిలరేటరు తొక్కాలన్నా డ్రైవర్నే పిలవాలి. డ్రైవరు మంచోడే, కులంలో మాకంటే పైమెట్టు, కామందుకి కిందిమెట్టు. "నీ పని నువ్వు చెప్పు, నే తొక్కుతా" అనేవాడు. నీళ్ళు నేను ఇంటినించి క్యానులో తెచ్చుకునేవాణ్ణి.

ఆ కారుతో వొచ్చిన కంపెనీ పుస్తకం కామందు బీరువాలో వుంది. అది నా చేతికివ్వలా. పాత కరణంగారిని పిలిపించి అరుగు మీద కూచోబెట్టి చదివించారు, నేను కింద నిలబడి వినాలి. 1984లో కరణాల పదవులు రద్దయ్యాక ఆయన ఖాళీగానే వుండేవారు. ఆయన వాల్వు సందుల దగ్గరికొచ్చి "ఇన్‌టేకుకి ఆరువేలు, ఎగ్జాస్టుకి పదమూడు వేలు" అని చదివారు. "వేలు కాదండి, అంగుళంలో వెయ్యో వంతులు. ఆరు వంతులు, పదమూడు వంతులు. ఇంజను వేడిగా వున్నప్పుడు చూడమని వుంటది చూడండి" అన్నా. ఆయన కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూసి, నా వంక చూసి, ఇంకో పేజీ చదివి, లేచి పుస్తకం అరుగు అంచున పెట్టారు. "నువ్వే చదువుకోరా, నా భూమి కొలతలు వేరు" అని వెళ్ళిపోయారు. కరణాల మీద నాకున్న కోపం చాలా పెద్దది. మా పల్లె ఇళ్ళ స్థలాలు ఏ లెక్కల్లో మాయమయ్యాయో అందరికీ తెలుసు. కానీ ఆ రోజు ఆయన చేసిన పని కూడా రాయాలి గదా.

కంప్రెషన్ చూశా. నాలుగు సిలిండర్లు తొంభై పైచిలుకు పౌన్లు చూపించాయి. మూడోదీ ఆరోదీ అరవై దాటలా. రెండింట్లోనూ చెంచాడు నూనె పోసి మళ్ళీ చూశా. మూడోది పెరిగింది, అంటే రింగులు అరిగాయి. ఆరోది పెరగలా, అంటే వాల్వు కాలింది. ఇంత చిన్న పరీక్ష చేయకుండా ఇంజను తీసి పారేయమన్న గుంటూరు మెకానిక్కుల్ని తల్చుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది.

హెడ్డు విప్పి బెజవాడ తీసుకెళ్ళా. వాల్వులు గ్రైండింగు చేయించి, సీట్లు కోయించి, లాపింగు నేను చేశా. బోరు చేసి నలభై థౌ పెద్ద పిస్టన్లు వేద్దామని లేతు వాళ్ళు అన్నారు. వేస్తే బలం పెరుగుద్దని అందరికీ ఒక భ్రమ. లెక్క వేస్తే పెరిగేది నూటికి రెండు వంతులకి కాస్త పైన, అంతే. బోరు బాగానే వుంది. రింగులు మార్చి వూరుకున్నా.

అసలు బలం పెరిగేది హెడ్డు ఫేసింగులో. హెడ్డు అడుగున పొర చెక్కేస్తే మంట గది చిన్నదవుతుంది, గాలి ఎక్కువ నొక్కుకుంటుంది, అదే పెట్రోలుకి ఎక్కువ తోపు వొస్తుంది. ఎంత చెక్కాలి? ఆ ఇంజను నిష్పత్తి ఆరుంబావు. పశువుల డాక్టరు దగ్గర పెద్ద సిరంజి అడిగి తెచ్చి, గది మీద గాజు పలక పెట్టి, కిరసనాయిలు ఎక్కించి ఆరు గదులూ కొలిచా. అరవై థౌ తీస్తే ఆరూముప్పావు దగ్గరికొస్తుందని లెక్క తేలింది. ఇంకా తీయొచ్చు. కానీ అప్పటి మామూలు పెట్రోలుకి అంత నొక్కుడు పనికిరాదు. ఘాటు రోడ్డు మీద బరువు లాగేటప్పుడు నాకింగు కొడుతుంది. నాకింగు కొడితే ఆ వైట్ మెటల్ బేరింగులు పిండి అవుతాయి. అరవై దగ్గర ఆగా.

ఆ తర్వాత రాడ్లు. వైట్ మెటల్ పోత మా మేస్త్రి నేర్పిందే. కరిగిన మెటల్లో కాగితం ముక్క ముంచితే గోధుమరంగుకి మాడాలి, అంటుకోకూడదు. అంటుకుంటే వేడెక్కువ. పోసి, తోలిచ్చి, బ్లూ రాసి, చేత్తో గీకి గీకి క్రాంకుకి సరిచేశా. పదిరోజులు పట్టింది. ఇది బలం పెంచే పని కాదు గానీ పెంచిన బలాన్ని మోసే పని. దీనికి ఎవడూ మెచ్చుకోడు. మా అయ్య తొండం కుట్టు లాంటిది.

చిన్న చిన్నవి బోలెడు. ఆ ఇంజనుకి పొగ గొట్టమూ గాలి గొట్టమూ ఒకదాని మీద ఒకటి బిగించి వుంటాయి. చలిదేశంలో పొగ వేడితో లోపలికొచ్చే గాలిని వెచ్చబెట్టడానికి మధ్యలో ఒక రెక్క పెట్టారు. అది తుప్పుపట్టి మూసుకున్న చోటే బిగుసుకుపోయి, ఏళ్ళ తరబడి గుంటూరు ఎండల్లో కూడా గాలిని ఇంకా కాలుస్తోంది. వేడి గాలి పలచన, పలచని గాల్లో బలం తక్కువ. ఆ రెక్కని విడిపించి తెరిచి కట్టేశా. సైలెన్సరు లోపల మసితో పూడిపోతే కొత్తది వేయించా. రేడియేటరు గొట్టాలు పుల్లలు పెట్టి పొడిచి కడిగా. ఆరు వోల్టుల బ్యాటరీ కారు గనక ఎర్తు తీగ దగ్గర ఏ కాస్త తుప్పున్నా స్టార్టరు మూలుగుద్ది, అదీ మార్చా. ఫ్లైవీలులో ఒక ఉక్కు గుండు పొదిగి వుంటుంది. కిటికీలోంచి అది ముల్లుకి ఎదురుగా వొచ్చినప్పుడు నిప్పు పడేట్టు టైమింగు పెట్టాలి. దాని తర్వాత డిస్ట్రిబ్యూటరు కింద వుండే చిన్న సెలెక్టరుతో పెట్రోలుని బట్టి ముందుకో వెనక్కో జరుపుకోవాలి. అంత తెలివైన ఏర్పాటు నేను తర్వాత కార్లలో చూడలా.

మే మొదట్లో కొడుకొచ్చాడు. హెడ్డింకా బిగించలా. ఆయన అమెరికా నించి ఒక కార్ల పత్రిక తెచ్చాడు. దాంట్లో 1953 నాటి కార్వెట్ కారు బొమ్మ. "ఇదీ షెవర్లే ఆరు సిలిండర్లే. మూడు కార్బురేటర్లు పెట్టి 150 గుర్రాలు తీశారు. మనమెందుకు తీయకూడదు?" అన్నాడు. నన్ను 'నువ్వు' అన్నాడు గానీ 'రా' అనలా, అది గమనించా. నేను రాడ్డు ఒకటి తీసి దాని గరిటె చూపించా. "అండీ, అది 235 ఇంజను. ఇదే కుటుంబం గానీ దానికి రాడ్లక్కూడా నూనె వొత్తిడితో పోద్ది. నిష్పత్తి కూడా ఎనిమిది. దీనికి మూడు కార్బురేటర్లు పెడితే కొండ మీదికి ఎక్కేది మీరు, కిందికి దొర్లేది రాడ్లు." ఆయన నవ్వాడు. తర్వాత రోజూ వొచ్చి స్టూలు వేసుకుని కూచునేవాడు.

అన్నీ బిగించి స్టార్టు చేస్తే ఇంజను మెత్తగా తిరుగుతోంది. కానీ డ్రైవరు యాక్సిలరేటరు గట్టిగా తొక్కగానే ఒక గుటక మింగి, ఆగి, అప్పుడు అందుకుంటోంది. కారణం కార్టర్ కార్బురేటరు లోపల వుంది. పెడలు ఒక్కసారి తొక్కితే గాలి ముందు పరిగెడుతుంది, పెట్రోలు వెనకబడుతుంది. ఆ లోటు పూడ్చడానికి లోపల ఒక చిన్న పిచికారీ వుంటుంది. దాని చివర బొటనవేలి గోరంత తోలు కప్పు. అది యాభై ఏళ్ళకి ఎండి, చిట్లి, పెట్రోలుని పక్కలనించి వొదిలేస్తోంది. కొత్తది బెజవాడలో లేదు, మద్రాసుకి మనిషిని పంపినా దొరకలా. ఘాటు మలుపుల్లో ప్రతిసారీ ఆగి అందుకోవాలి మరి. అన్ని వేల రూపాయల పనీ ఆ గోరంత తోలు దగ్గర ఆగిపోయింది.

సాయంత్రం దాన్ని కాగితంలో చుట్టి పల్లెకి తెచ్చా. మా అయ్య వేలి మీద పెట్టుకుని దీపం దగ్గర తిప్పి చూశాడు. "ఇది మోట తొండానికి తమ్ముడురా" అన్నాడు. రెండూ చేసే పని ఒకటే. కారకుండా తోడిపోయాలి.

దూడతోలు తీసుకున్నాడు. పొట్ట తోలు సాగుద్దని పక్కన పెట్టి, వెన్ను దగ్గరది కోశాడు. నానబెట్టి, ఇనప వుంగరంలోంచి గుండ్రటి కర్రతో మెల్లగా వొత్తి గిన్నెలా తెచ్చాడు. నీడన రెండ్రోజులు అట్టాగే వుంచాడు. అంచు రంపెతో తీశాడు, వెంట్రుక వాసి తేడా లేకుండా. ఆ తర్వాత ఆముదం గోరువెచ్చగా కాచి వూరేశాడు. వేడి ఎక్కువైతే తోలు ముడుచుకుపోద్ది. "ఆముదమెందుకయ్యా?" అంటే "వేరే నూనెలు నీ పెట్రోలు కడిగేస్తది. ఇది అంత తొందరగా వొదల్దు" అన్నాడు. ఆముదం పెట్రోలులో సులువుగా కరగదనీ, తొలినాటి విమానాల ఇంజన్లలో అందుకే వాడేవాళ్ళనీ నేను తర్వాతెప్పుడో చదివా. మా అయ్యకి ఎవరు చెప్పారో! ఏడు చేశాడు. అయిదు తనే పారేశాడు. రెండు నా చేతికిచ్చాడు.

ఒకటి బిగించాం. గుటక పోయింది.

గుంటూరు రోడ్డు మీద పరీక్ష. సీటు మీద కూచోకూడదు గనక నేను ఫుట్‌బోర్డు మీద నిలబడ్డా, ఒక చేత్తో తలుపు, ఒక చేతిలో గడియారం. టాప్ గేరులో ఇరవై మైళ్ళ నించి నలభైకి రావడానికి పని మొదలెట్టకముందు ఇరవైమూడు సెకన్లు పట్టింది. ఇప్పుడు పద్నాలుగు. చెవి బానెట్టు వైపు పెట్టి, మొహానికి దుమ్ము కొడుతుంటే ఇంజను ట్యూనింగు చేసినవాణ్ణి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అయ్యుంటా.

తిరుపతి ప్రయాణానికి నన్నూ రమ్మన్నారు, వెనక సామాను జీపులో. అలిపిరి దగ్గర కామందు నన్ను దిగమన్నాడు. "నువ్విక్కడే వుండు, ఏదన్నా అయితే కబురు చేస్తాం." 1974లో రెండో ఘాటు రోడ్డు వేశాక ఎక్కేది ఆ దారిన, దిగేది పాత దారిన. గుడి ప్రవేశానికి చట్టం 1947లోనే వొచ్చింది. అలిపిరి దాకానే వున్న చట్టాన్ని నేను అప్పుడే చూశా. కొండ ఎత్తు సుమారు 2,800 అడుగులు. ఎత్తుకి పోయేకొద్దీ గాలి పలచబడి ఇంజను బలం నూటికి ఎనిమిది, తొమ్మిది వంతులు పోతుంది. ఫ్యూయలు పంపు మీద తడిగుడ్డ చుట్టమని డ్రైవరుకి చెప్పి పంపించా. కబురేమీ రాలా. సాయంత్రానికి పిల్లాడు గుండుతో, కారు బొట్లతో దిగొచ్చారు. డ్రైవరు చెవిలో చెప్పాడు: "సెకండు గేరులో ఒక్కచోట కూడా ఆగలా." ఈ మాట మా అయ్యకి చెబితే ఎప్పుడూ నవ్వని మనిషి నవ్వాడు. "నన్ను రానియ్యకపోతే పోయే, నా తోలు కొండెక్కింది గదరా."

ఇంటికొచ్చిన మూడోనాడు బిల్లు పట్టుకెళ్ళా. మా అయ్య కూడా వెంట వొచ్చాడు. మొత్తం 4,260 రూపాయలు, వరసగా రాశా. పదకొండో వరస ఇట్టా వుంది: కార్బురేటరు తోలు కప్పు ఒకటి, చేతి పని, 40 రూపాయలు. పక్కన చేసినవాడి పేరు. మా అయ్య పేరూ, దాని ముందు మాదిగ అనీ. కామందు అన్ని వరసలూ చూశాడు. దేనికీ బేరమాడలా. ఆ వరస దగ్గర కలం తీసి అడ్డగీత కొట్టాడు.

"తోలుముక్కకి నలభయ్యేందిరా? గొడ్డు చస్తే మీకే గదా ఇచ్చేది."

"ఇప్పుడు ఇవ్వట్లేదు గదండి. మేం లాగట్లేదు, మీరు పూడ్చుకుంటున్నారు. ఇది సంతలో కొన్న తోలు."

"సరే, మిగతాది తీసుకుని పో."

"ఆ వరస కొట్టేస్తే కప్పు కూడా తీసి తీసుకెళ్ళాలండి. అయిదు నిమిషాల పని."

నా గొంతు వొణికింది. స్క్రూడ్రైవరు జేబులోనే వుంది. అరుగు మీద కొడుకు ఇంగ్లీషులో ఏదో అన్నాడు, కామందు తెలుగులో కసిరాడు. చివరికి నాలుగు పది నోట్లు తీసి అరుగు మీంచి కిందికి విసిరాడు. మా అయ్య ముందు పడ్డాయి. ఆయన వొంగలా. నేను వొంగబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"అయ్యా, గాలికి పోతాయి. చేతికియ్యండి."

అంతే అన్నాడు. గట్టిగా కూడా అనలా. తుండు భుజాన్నే వుంది, ఎప్పుడూ చంకలో పెట్టే తుండు. గడ్డివాము దగ్గర పనిచేసేవాళ్ళు ఆగి చూస్తున్నారు. ఎంతసేపో నాకు తెలీదు. కామందు లేచి లోపలికి పోయాడు. కొడుకు మెట్లు దిగొచ్చి, నోట్లు ఏరి, దుమ్ము దులిపి మా అయ్య చేతిలో పెట్టాడు. మిగతా డబ్బు నాకిచ్చాడు. పత్రిక కూడా ఇచ్చాడు. కామందు చేతి నించి కాదు, కొడుకు చేతి నించి. అంతవరకే అయింది, ఎక్కువ చేసి చెప్పను.

దాని ఖరీదు కూడా చెప్పాలి. ఆ యేడు మా చిన్నాన్న కౌలు పోయింది. ఆయన చాన్నాళ్ళు నాతో మాట్లాడలా. "నలభై రూపాయలకి నా రెండెకరాలు అమ్మేశార్రా మీరిద్దరూ" అనేవాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ.

1994లో ఈదుముడిలో దండోరా మొదలయ్యాక మావాళ్ళు పేరు చివర మాదిగ అని పెట్టుకోవడం చూసి, మా అయ్య ఆ బిల్లు నకలు ట్రంకు పెట్టెలోంచి తీసి పిల్లలకి చూపించేవాడు. రెండేళ్ళకి పోయాడు. కారుని హైదరాబాదులో పాత కార్లు పోగుచేసే ఒకాయన కొన్నాడు. 2000 ఫిబ్రవరి నించి దేశమంతా సీసం లేని పెట్రోలు వొచ్చాక అది నా దగ్గరికే వొచ్చింది. సీసం పాత ఇంజన్లలో వాల్వు సీట్లకి మెత్తలాగా పనికొచ్చేది. అది పోయాక బరువు మీద తిరిగే ఎగ్జాస్టు సీట్లు అరిగి కుంగుతాయి. గట్టి ఉక్కు సీట్లు దిగగొట్టించి ఇచ్చా. కార్బురేటరు విప్పితే మా అయ్య కప్పు ఇంకా కారట్లేదు. రెండోది నా దగ్గరే వుంది.

ఇప్పుడు పెట్రోలులో ఇథనాలు కలుపుతున్నారు. దానికి పాత రబ్బరు గొట్టాలు వుబ్బుతున్నాయి, పాత వాషర్లు చెడుతున్నాయి. పాత కార్ల వాళ్ళు కప్పుల కోసం నా షెడ్డుకొస్తూనే వున్నారు. మా పల్లె కుర్రాడొకడికి వొత్తడం నేర్పా, చెయ్యి బాగానే తిరిగింది. ఒక్కో కప్పుకి బిల్లు రాస్తాడు. తోలు మాత్రం చెన్నై నించి తెప్పిస్తున్నాం. పల్లెలో లంద పూడ్చేసి చాలా ఏళ్ళయింది, దాని మీద నీళ్ళ ట్యాంకు కట్టారు.